గడప దాటని తోడు

మా చిన్న ఊళ్ళో బ్రూవరీ మూతపడ్డప్పుడు రేడియో వాళ్ళు వచ్చి అందరి చేతా మాట్లాడించారు. పబ్బు యజమానిని అడిగారు. ఆ బీరు ఎన్నడూ ముట్టని పోస్ట్‌మాన్‌నీ అడిగారు. ఏళ్ళ తరబడి అక్కడ పీపాలు కడిగి, బీరు కాచిన నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

బ్రూవరీ యజమాని పెద్దాయనది జర్మన్ కుటుంబం. ఆయన తాత అమెరికా వెళ్ళి ఒక చిన్న ఊళ్ళో బ్రూవరీ పెట్టాడు. అది మూతపడ్డాక ఈయన, భార్య పుట్టిన ఊరని ఐర్లాండ్‌లోని మా ఊరికి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. బీరుని పులియబెట్టే ఈస్ట్ మాత్రం తాత నాటిదే. బీరు కాచినప్పుడల్లా అడుగున మిగిలింది కొంత తీసి దాచి, తర్వాతిసారి కలిపేవాడు. మన పెరుగు తోడులాగే. అది నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది.

లాక్‌డౌన్‌లో పబ్బులు మూసేశారు. ఉన్న బీరంతా కాలవలో పోశాం. అయినా వారానికోసారి చిన్న గిన్నెడు కాచి, ఇద్దరం ఈస్ట్‌ని బతికించాం. జ్వరంతో ఆయన్ని కాజిల్‌బార్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే మాస్కులోంచి నాతో ఒక్కటే అన్నాడు: "దాన్ని చావనివ్వకు."

బ్రూవరీ తాళాలు ఆయన కూతురు తీసుకుంది. నేను వెళ్ళి, "కొంచెం ఈస్ట్ ఒక సీసాలో పోసివ్వండి, మా ఫ్రిజ్‌లో ఉంచుతాను. ఇక్కడిది పోయినా అక్కడుంటుంది," అన్నాను. మా వైపు పెరుగు చెడిపోతే తోడు కోసం గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం.

"అది మా గడప దాటదు. మా ఇంట్లో అంతే," అంది ఆమె తలుపు సగమే తెరిచి. "దిగులుపడకు. అంతా గ్రాండ్." అంతా బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్ళ మాట అది.

నర్సు డ్యూటీ నుంచి వచ్చిన నా భార్య విని నవ్వింది. "వాళ్ళ బురద కోసం గుమ్మంలో నిలబడ్డమేంటండీ? మన పెరుగు తోడుంది, అదే పట్టుకెళ్ళి ఇవ్వండి!"

వారం తిరక్కుండానే వైరస్ భయంతో ఆ కూతురు బ్రూవరీ అంతా బ్లీచ్‌తో కడిగించింది. కిటికీలోంచి చూశాను. ఈస్ట్ దాచే సీసా ఖాళీగా, తళతళలాడుతూ బోర్లించి ఉంది.

పెద్దాయన తిరిగి రాలేదు. అంత్యక్రియలకు కొద్దిమందినే రానిచ్చే రోజులు. ఆ కొద్దిమందిలో నేను లేను. బ్రూవరీ ముందు రోడ్డు పక్కన, వానలో టోపీ తీసి నిలబడ్డాను. శవపేటిక ఉన్న కారు నెమ్మదించను కూడా లేదు.

ఆసుపత్రి నుంచి రోజూ వీడియో కాల్‌లో కూతురితో మాట్లాడేవాడని తర్వాత తెలిసింది. ఈస్ట్ సంగతి అడక్కుండా ఉండే మనిషి కాదాయన.

కాబట్టి అమ్మా, ఆయన కూతురైన మిమ్మల్నే అడుగుతున్నాను. బతికే ఉందా అని ఆయన అడిగినప్పుడు ఏం చెప్పారు? నా చేతుల్లో చచ్చిపోయిందని చెప్పారా? జవాబివ్వండి.