వెనక సీటు కొలతలు

ఆ బండిని చూడగానే నాకు నవ్వొచ్చింది. ముందు సీటు వెడల్పుగా, దర్జాగా ఉంది. వెనక సీటేమో అరచేయంత, అదీ పైకి లేచి, ఇక్కడెవరూ కూర్చోవద్దని ముందే చెప్పినట్టుంది. మా ఆయన కోరుట్లలో కొని, ఇంటి ముందుకు తోలుకొచ్చి, హెల్మెట్ తీసి నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిదేళ్లు గల్ఫ్‌లో ఏసీలు బాగుచేస్తూ ఫోన్లో ఈ బండి బొమ్మే పెట్టుకుని బతికిన మనిషి. పోయినేడు పూర్తిగా వచ్చేసి, ఇక్కడే పని చూసుకుని మరీ కొన్నాడు. నవ్వు మింగేసి "మస్తున్నది" అన్నాను.

"ఎక్కు. కొండగట్టు పోయొద్దాం" అన్నాడు.

ఎక్కాను. జగిత్యాల చేరేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. కాళ్లు పెట్టుకునే చోటు ఎంత పైన ఉందంటే మోకాళ్లు పొట్టకు తగులుతున్నాయి. సీటు ముందుకు వాలి ఉండటంతో, ఆయన బ్రేకు వేసినప్పుడల్లా జారి వీపు మీద పడుతున్నాను. నా హెల్మెట్ ఆయన హెల్మెట్‌కు టక్కున కొట్టుకుంటోంది. స్పీడ్ బ్రేకర్ల సంగతి చెప్పనే వద్దు. జగిత్యాల బస్టాండ్ కనబడగానే ఆపమన్నాను.

"నువ్వు బండి మీద రా. నేను బస్సుల వస్త" అన్నాను. పరాచికమనుకున్నాడు. నేను నిజంగానే బస్సెక్కాను.

కిటికీలోంచి చూస్తే ఆయన బస్సు వెనకాలే వస్తున్నాడు. గాలిని చీల్చుకుపోయే బండట, పల్లెవెలుగు బస్సు వెనక నెమ్మదిగా, ఖాళీ సీటుతో. నా పక్కన కూర్చున్నావిడ చాలాసేపు చూసి, "గా పిలగాడేంది, మన బస్సు ఎంబడే పడ్డడు" అంది.

"మా ఆయననే" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, కొంచెం అవతలికి జరిగింది.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన బండిని పనికి మాత్రమే తీసుకెళ్లాడు. ఒక సోమవారం పొద్దున సద్ది తింటూ, తలెత్తకుండా చెప్పాడు. "బండి అమ్ముతున్న. సిరిసిల్ల ఆయన తీస్కుంటనన్నడు. ఐతారం తెచ్చియ్యమన్నడు."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఎందుకని అడిగాను.

"నువ్వు ఎక్కవు. ఒక్కన్నే తోలుకుంట తిరిగితే ఇంక గాడ గల్ఫ్‌ల ఉన్నట్టే అనిపిస్తున్నది."

నాకు ముందు కోపమొచ్చింది. నాకు ఏదైనా ముందు కోపంగానే వస్తుంది, మిగతావన్నీ దాని వెనకాల వస్తాయి. "నేను ఎక్కనని ఎప్పుడన్న? కూసునేతట్టు లేదన్న. రెండూ ఒకటేనా? ఐతారం దాక ఆగు. సీటు నేను కుడత."

"నువ్వు జాకెట్లు కుడుతవ్."

"జాకెట్టు కంటె కష్టమా ఇది?"

ఆయనకు నవ్వొచ్చింది. అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. ఆదివారం ఇద్దరం ఆ బండి మీదే సిరిసిల్ల పోవాలి. నడుమ నేను దిగి బస్సెక్కితే బండి అక్కడ ఇచ్చేసి రావడం. ఎక్కకపోతే దాని మీదే ఇంటికి రావడం. ఆయన ఒక్క షరతు పెట్టాడు. "నొస్తే నొస్తుందని చెప్పాలె. నాకోసం ఓర్చుకోవద్దు." సరేనన్నాను.

ఇక చూడండి నా సంబరం. పన్నెండేళ్లుగా కోరుట్లలో ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. పెళ్లిళ్ల కాలంలో తిండికి కూడా లేవను. అలాంటిదాన్ని ఆ రోజు దుకాణం మూసేసి సీటు విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. పాత తొడుగు కుట్లు ఊడదీసి అట్ట మీద పరిచి గీత గీశాను. ఆ తర్వాత టేపు తీసి నా కొలతలు నేనే తీసుకున్నాను. ఎవరైనా చూస్తే ఈమెకు పిచ్చి పట్టిందనుకునేవారు.

జగిత్యాలలో పరుపుల దుకాణానికి పోయి అన్నిటికంటే మెత్తటి ఫోమ్ తెచ్చాను. నాలుగు వేళ్ల మందం. నల్ల రెగ్జిన్ మీద ఎర్ర దారంతో గళ్లు గళ్లుగా కుట్టాను, అంచులకూ నడుమకూ ఎర్ర పైపింగ్ వేశాను. మా వీధిలో వాళ్లంతా వచ్చి చేయి పెట్టి నొక్కి చూశారు. నేను గర్వంగా నిలబడ్డాను. పెళ్లికూతురు జాకెట్టుకు కూడా అంత పనితనం చూపలేదు.

బుధవారం మెట్‌పల్లి దాకా పోయి వచ్చాం. ఎక్కినప్పుడు స్వర్గం. మెట్‌పల్లి రాకముందే ఫోమ్ అంతా అణిగిపోయి అడుగున ప్లాస్టిక్ తగిలింది. నేను అంత ముద్దుగా వేసిన నడిమి పైపింగ్ తాడులా ఒత్తుకుపోయింది. జారుడు సంగతి అలాగే ఉంది. ఇంటికొచ్చి దిగి లోపలికి పోయాను.

"నొచ్చిందా?" అని అడిగాడు.

"నొచ్చింది" అన్నాను. చెప్తానన్న మాట చెప్పాలి కదా.

మర్నాడు దుకాణం తెరిచి మిషన్ ముందు కూర్చున్నాను. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా లేవలేదు. అన్నానికి లేవబోతూ ఉంటే తట్టింది. పన్నెండేళ్లుగా రోజుకు పది గంటలు నేను కూర్చునే స్టూలు ఇది. చెక్క మీద మడత పెట్టిన పాత గొంగడి, అంతే. వేలితో నొక్కితే గట్టిగా ఉంటుంది. దాని మీద నాకు ఏనాడూ నడుము నొప్పి రాలేదు. నా కిందే ఉన్నదాన్ని వదిలి ఊరంతా వెతికాను.

అన్నం కూడా తినకుండా మళ్లీ జగిత్యాల బస్సెక్కాను. పరుపులాయనను అన్నిటికంటే గట్టి ఫోమ్ ఇమ్మన్నాను.

"మొన్న మెత్తటిది కావాలంటివి గదమ్మా" అన్నాడు.

"మొన్న తెల్వలే" అన్నాను.

గట్టి ఫోమ్‌ను సీటు ముందువైపు మందంగా, వెనకవైపు పలుచగా కోసి అతికించాను. అప్పుడు వాలు పోయి సాపుగా వచ్చింది. పైన ఒక్క వేలు మందం మెత్తటిది పరిచాను. తొడలు ఆనే చోట రెండు వైపులా చెక్కేశాను, కాళ్లు తేలిగ్గా కిందికి దిగేలా. కుట్టు ఒక్కటి కూడా కూర్చునే చోట రాకుండా అన్నీ పక్కలకు తోశాను. పట్టుకోవడానికి ముందువైపు అడ్డంగా ఒక మందపాటి బెల్టు కుట్టాను. గళ్లు లేవు, ఎర్ర దారం లేదు. చూడటానికి ఏమీ లేదు, అయినా దాన్ని చూస్తుంటే చిన్నపిల్లలా ఎగరాలనిపించింది.

ఇక మిగిలింది కాళ్ల సంగతి. శనివారం వెల్డింగ్ షాపుకు పోయాం. అక్కడాయన నన్ను బండి మీద కూర్చోబెట్టి, మోకాలు చూసి, ఇనుప పట్టీలు కోసి ఫుట్‌రెస్టులను నాలుగు వేళ్లు కిందికి దించాడు. "వంపుల కాడ నేలకు తాకదు గద అన్నా" అని మా ఆయన నాలుగుసార్లు అడిగాడు. బండిని పక్కకు వంచి చూపించేదాకా ఆయన ప్రాణం కుదుటపడలేదు.

ఆదివారం పొద్దున్నే మా బిడ్డను మా అమ్మ దగ్గర దింపి, చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించి ఎక్కాను. కథలాపూర్ దాటాం, ఏమీ లేదు. రుద్రంగి దాటాం, ఏమీ లేదు. బ్రేకు వేస్తే జారడం లేదు. హెల్మెట్లు కొట్టుకోవడం లేదు. మొదటిసారి నాకు రోడ్డు కనబడింది. మక్క చేన్లు, కాలువలు, ఎదురొచ్చే గాలి. ఈ మనిషి ఎనిమిదేళ్లు ఎందుకు కలవరించాడో అప్పుడర్థమైంది. "జర జోరుగ గుంజు" అని నేనే అరిచాను. ఆయన గుంజాడు. నాకు పట్టలేనంత సంతోషమైంది, గట్టిగా నవ్వాను, ఆ గాలిలో ఆయనకు వినబడిందో లేదో.

చందుర్తి దాటాక ఎడమ తుంటిలో చిన్నగా మొదలైంది. కదిలి కూర్చున్నాను. తగ్గింది, మళ్లీ వచ్చింది. వేములవాడలో చాయ్ తాగడానికి ఆగాం. బస్టాండ్ ఎదురుగానే ఉంది. నేను దానివైపు చూడలేదు, ఆయన చూశాడు. చాయ్ అయిపోగానే నేనే ముందు బండెక్కి కూర్చున్నాను.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు వినబడే సందులో ఆ కొనేవాళ్ల ఇల్లు. ఆ కొనే ఆయన బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి, వెనక సీటు మీద చేయి వేసి, "సీటు మంచిగ కుట్టిచ్చిన్రు" అన్నాడు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "నిజం చెప్పు. నొస్తుందా?"

లేదనాలని నోటిదాకా వచ్చింది. కానీ మాటిచ్చాను. "నొస్తుంది. ఎడమదిక్కు. చందుర్తి కాన్నుంచి."

ఆయన మొహం వాడిపోయింది. బండికున్న తాళం తీసి ఆ కొనే ఆయన చేతిలో పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎనిమిదేండ్లు బిడ్డనేస్కోని ఇంట్ల ఒక్కదాన్నే కూసున్న" అన్నాను. "గది ఎంత నొచ్చిందో ఒక్కనాడన్న అడిగినవా? దానికంటె ఇది తక్కువనే నొస్తున్నది. బస్సెక్కిన్నా నేను? ఎక్కలే. మరి తాళం ఎందుకిస్తున్నవ్?"

ముక్కూ మొహం తెలియని మనిషి ముందు అలా అనేసినందుకు సిగ్గేసింది, కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆ కొనే ఆయన చేతిలో తాళాన్ని కాసేపు చూసి, తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేను ఇంకో బండి చూస్కుంట చెల్లె. తీస్కపోండ్రి" అన్నాడు.

మా ఆయన చొక్కా అంచుతో హెల్మెట్ అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. ఎంత తుడిచినా అది శుభ్రం కావడం లేదు. తర్వాత బండి తీశాడు. వెనక కూర్చుంటే తోలే మనిషి మొహం కనబడదు. భుజాలు కనబడతాయి, అవి వెక్కుతున్నట్టు కదులుతున్నాయి.

వేములవాడ దాటి చాలా దూరం పోయాక బండి పక్కకు తీసి ఆపాడు. "దిగు. జరసేపు నడుము వాల్చు" అన్నాడు.

"దిగ. పోనియ్యి" అన్నాను.