సుంకులమ్మ గదిలో ప్రార్థన

గార్లదిన్నె దగ్గరి ఆ కాలనీలో సుంకులమ్మ గుడి అంటే ఒకే ఒక్క గది. బండల కప్పు, ఇనుప తలుపు, లోపల పసుపు పూసిన రాయి. అత్త పోయినప్పటి నుంచి ఆ రాయికి దీపం పెట్టే పని నల్లమ్మదే. వేరుశెనగ చేలో కూలి ముగించుకుని వచ్చి, కాళ్లు కడుక్కుని ముందు గుడి తలుపు తీసేది. ఆ తరువాతే ఇంట్లో పొయ్యి వెలిగించేది.

కాలనీలో ఒక్కొక్క ఇల్లే యేసును నమ్ముకుంటూ వచ్చింది. చివరికి నల్లమ్మ కొడుకు, కోడలు రూతు కూడా ఆదివారం ప్రార్థనకు పోవడం మొదలుపెట్టారు. నల్లమ్మ అలిగి కొన్నాళ్లు కోడలి చేతి ముద్ద ముట్టలేదు. తీరా జ్వరంతో మంచాన పడ్డప్పుడు పక్కనుండి చూసుకున్నది రూతే. అలక అంతటితో పోయింది.

ఒక వేసవిలో పెనుగాలికి ప్రార్థన షెడ్డు రేకులు లేచిపోయాయి. ఆ ఆదివారం జనమంతా ఎండలోనే కూర్చున్నారు. చంటిబిడ్డ తల మీద కొంగు కప్పి కూర్చున్న కోడలిని నల్లమ్మ గుడి గడప మీది నుంచి చూసింది. తన వెనక గది చల్లగా, ఖాళీగా ఉంది.

ప్రార్థన ముగిశాక పాస్టరు శశికుమార్‌ను పిలిచింది. అతనూ ఆ కాలనీలో పుట్టి పెరిగినవాడే. గది తీసుకోమంది. అతను నమ్మలేక, మరి అమ్మవారిని ఏం చేస్తావవ్వా అని అడిగాడు.

"గది మా మామ కట్టిందప్పా. అంతకు ముందు ఆయమ్మ యాపమాను కిందనే ఉన్నింది. ఆయమ్మకు ఎండ కొత్త కాదు. మీ పిల్లోళ్లకే తగుల్తాండాది."

రాయికి మొక్కిన చోట మనం ప్రార్థన చేయడమేమిటని విశ్వాసుల్లోనూ కొందరు గొణిగారు. శశికుమార్ వాళ్లకు నచ్చజెప్పడానికి చాలా వారాలు పట్టింది. పామిడిలో ఉండే నల్లమ్మ తమ్ముడు ఓబుళేసు అక్క మీద మండిపడి, ఇక ఆమె గడప తొక్కనని వెళ్ళిపోయాడు.

రాయిని కదిలించే రోజున నల్లమ్మ ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. గుండెకు హత్తుకుని, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ మోసుకుపోయి వేపచెట్టు మొదట్లో దించింది. దించాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి రూతు బిందెడు నీళ్లు తెచ్చి అత్త పక్కన పెట్టింది. తను మొక్కలేదు, అలాగని వెళ్ళిపోనూ లేదు.

వారం తిరక్కుండానే టౌను నుంచి కారులో నలుగురు వచ్చారు. గుడిని బలవంతంగా చర్చి చేసుకున్నారని స్టేషనులో చెప్పమన్నారు. వెనక మేముంటామన్నారు. నల్లమ్మ బియ్యం చెరిగే చాట పక్కన పెట్టింది.

"ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా ఈడికొచ్చి టెంకాయ కొట్టినారా మీరు? ఆయమ్మను నా చేతుల్తో నేనే ఎత్తుకొచ్చినా. ఎవురి మీద పెట్టల్ల కేసు?"

వాళ్లు ఇంకా ఏదో చెప్పబోయారు. ఆమె చాట అందుకుని మళ్లీ చెరగడం మొదలుపెట్టేసరికి వచ్చిన దారినే పోయారు.

ఇప్పుడు ఆ గది మీద శిలువ ఉంది. మొదట్లో మైకు చెట్టువైపు తిప్పి పెట్టారు. దీపం పెట్టే వేళ ఆ హోరేమిటని నల్లమ్మ తిట్టిపోశాక మరునాడే దాన్ని అవతలి వైపుకు తిప్పారు. ఏటా చెట్టు కింద అమ్మవారికి చేసే దేవర జాతరకు రమ్మని తమ్ముడికి ఆమె కబురు పంపుతూనే ఉంది. పోయిన ఏడు కూడా ఓబుళేసు రాలేదు గాని, భార్య చేత అమ్మవారికి చీర పంపించాడు. నల్లమ్మ దాన్ని రాయికి చుట్టి, మరదలిని కూర్చోబెట్టి కడుపునిండా అన్నం పెట్టింది.