వాల్వు మీద బాణం

దయ్యాల కథలు చెప్పేవాళ్లని ఆటపట్టించడం నాకు చిన్నప్పట్నుంచీ సరదా. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. కానీ రాయ్‌పూర్ పక్కన ఉర్లాలో ఒక మధ్యాహ్నం జరిగింది మాత్రం నాకు ఎంతకీ కొరుకుడు పడలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది శ్రీకాకుళం వైపు. నాన్నది రైల్వే ఉద్యోగం, అందుకని రాయ్‌పూర్‌లోనే పెరిగాను. తొంభైల మొదట్లో ఉర్లాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. నాతో పనిచేసే దుకాలుది ఆ పక్కనే ఉన్న బీర్‌గావ్, నా ఈడువాడే. అతనికి తెలుగు ముక్క రాదు. అసలు ఆ షెడ్డు మొత్తానికి తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

కూలింగ్ టవర్ నీళ్లలో కొంచెం కొంచెంగా యాసిడ్ కలపడానికి ఒక డోసింగ్ పంపు ఉండేది. యాసిడ్ ట్యాంకు ఎత్తు అరుగు మీద, నీళ్ల తొట్టి కింద. దాంతో పంపు ఆపేసినా యాసిడ్ దానంతటదే జారిపోయేది. అలా జారకుండా ఉండాలంటే పంపు తర్వాత లైన్లో బ్యాక్ ప్రెషర్ వాల్వు పెట్టాలి. దాని లోపల స్ప్రింగు ఉంటుంది. పంపు గట్టిగా తోస్తేనే దారి ఇస్తుంది. పైన ఒక బాణం గుర్తు ఉంటుంది, యాసిడ్ వెళ్లే వైపుకి అది చూపించాలి.

భోజనాల వేళ. మిగతావాళ్లు టిఫిన్ డబ్బాలతో బయటికి పోయారు. నేను వాల్వు బిగించేశాను. దానికీ పంపుకీ మధ్య, ఒత్తిడి మరీ పెరిగితే బయటికి వదిలేసే రిలీఫ్ వాల్వు ఉండాలి, అది స్టోర్‌కి ఇంకా రాలేదు. ఒక్కరోజేగా అనుకున్నాను. ముందు నీళ్లతో నడిపి చూడాలి, అదీ చెయ్యలేదు. తప్పు నాదే.

జాయింటు కారుతుందేమోనని దుకాలు దాని మీదికి వంగి చూస్తున్నాడు. నేను స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఓరె, బాణం ఎటుందో సూసినావా?"

నా వెనక నుంచి, స్పష్టంగా, మా వైపు యాసలో. కసిరినట్టు లేదు, మామూలుగా అడిగినట్టే ఉంది.

తిరిగి చూస్తే గోడ. తలుపు ఒక్కటే, అది నా ఎదురుగా ఉంది.

వాల్వు చూశాను. బాణం పంపు వైపే చూస్తోంది. ఉల్టా బిగించాను.

దుకాలు లేచి నిలబడి, "కోన్ బోలిస్?" అన్నాడు. ఎవరు మాట్లాడారని. అంటే అతనూ విన్నాడు. ఏమని వినబడిందని హిందీలో అడిగాను.

"తీర్ కోన్ కోతీ హే, దేఖే హస్ కా?"

అదే ప్రశ్న. కానీ ఛత్తీస్‌గఢీలో.

"తెలుగులో కదా అన్నారు!" అన్నాను.

"నహీ భయ్యా, మోర్ గాంవ్ కే బోలీ," అన్నాడు. తన ఊరి మాటేనట.

భయం కంటే నాకు కుతూహలమే ఎక్కువైంది. లైను కడిగి, పంపు పీల్చే గొట్టాన్ని నీళ్ల బకెట్‌లో పెట్టాను. వాల్వుని ఉల్టాగానే ఉంచి, దుకాలుని తలుపు బయట నిలబెట్టి స్విచ్ వేశాను. కాసేపటికి ఆ జాయింటే ఊడి, నీళ్లు అతను మొహం పెట్టిన చోటికే చిమ్మాయి. దుకాలు లోపలికొచ్చి, ఆ తడి చూసి, తన మొహం తడుముకున్నాడు.

రిలీఫ్ వాల్వు వచ్చేదాకా పంపు ముట్టుకోలేదు. వచ్చాక అన్నీ సరిగ్గా బిగించి, నీళ్లతో నడిపి, గేజి చూస్తూ వాల్వు స్క్రూ కొద్దికొద్దిగా తిప్పి సెట్ చేశాను.

తర్వాత చాలామందిని అడిగాను. షెడ్డు కొత్తది, అందులో ఎవరూ చనిపోలేదు. రేడియో లేదు, మైకు లేదు. ఆ టైములో లోపలికి ఎవరూ రాలేదని తలుపు దగ్గర తింటున్నవాళ్లే చెప్పారు.

ఆ గొంతు ఏ భాషలో మాట్లాడిందని దుకాలూ నేనూ ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఎవరం తప్పు విన్నామో తేలలేదు. ఇద్దరం సరిగ్గానే విన్నామేమో అనుకుంటే మాత్రం, దానికి నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు.