చెల్లి రోల్ నంబర్

ఆ వారం చెల్లికి ఇంగ్లీషులో ఒక పాఠం వచ్చింది. అమెరికాలో తెల్లవాళ్లు మాత్రమే ఆడే పెద్ద బేస్‌బాల్ జట్లలోకి తొలిసారి అడుగుపెట్టిన నల్లజాతి ఆటగాడి జీవితం అది. పాఠం చివర కొత్త మాటలు ఇచ్చారు. వచ్చే గురువారం వాటి మీద పరీక్ష. సౌదీలో, అల్ ఖోబర్‌లోని మా ఇంట్లో బేస్‌బాల్ చూసినవాళ్లు లేరు. క్రికెట్‌కు దగ్గరి చుట్టం అనుకుని మొదలుపెట్టాం.

బయటివాళ్ల ముందు నాకు నోరు పెగలదు. చెల్లికి మాత్రం నేనే టీచర్ని. ప్రతి మాటకూ సొంత వాక్యం చెప్పాలన్నది నా షరతు.

“పయనీర్ అంటే?”

“అందరికన్న ముందుగాల పోయినోడు. మనింట్ల ఫస్ట్ సౌదీకి వచ్చింది డాడీ. డాడీ పయనీర్.”

“పయనీర్‌కు చాయ్ పెట్టాల్నా మరి?” అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న నవ్వలేదు. ఎందుకో నాకూ అమ్మకూ తెలుసు. జుబైల్‌లో ఆయన పని ముగిసింది. కంపెనీ ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యూ చేయకుండా ఫైనల్ ఎగ్జిట్ ఇచ్చింది. ఇక దేశం వదిలి ఇంటికి పోవడమే. వచ్చే బుధవారమే మా విమానం. “చిన్నదానికి అప్పుడే చెప్పకున్రి. బడికి పోయినన్ని దినాలు సంబరంగ పోనీ,” అన్నాడు నాన్న. అందుకే నేను ఆమె రాయబోని పరీక్షకు ఆమెను చదివిస్తున్నాను.

ఎవరు తిట్టినా, వెక్కిరించినా తిరిగి ఏమీ అనొద్దని జట్టు యజమాని ఆ ఆటగాడి దగ్గర మాట తీసుకున్నాడని పాఠంలో ఉంది.

“అట్లెట్ల ఊకుంటరక్కా? నేనైతే బ్యాట్‌తోని ఒక్కటిస్తుంటి.”

“అందుకే నీకు బ్యాట్ ఇయ్యరు.”

అప్పుడే బెల్ మోగింది. ఎగ్జిట్ మీద పోయేవాళ్ల సామాను ఇక్కడ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనే అమ్ముడుపోతుంది. నాన్న ఫ్రిజ్ ఫోటో పెట్టాడు. కొత్తది కొంటున్నామని చెల్లికి చెప్పాడు. వచ్చిన దంపతులు ఫ్రిజ్ తలుపు తీసి, వేసి చూశారు. ఆ తర్వాత భార్య మా వైపు తిరిగింది.

“ఫైనల్ ఎగ్జిటే గదా అన్నా, ఈ టేబుల్ గూడ ఇస్తరా?”

చెల్లి నాన్నను చూసింది, నన్ను చూసింది. మేం చదువుకుంటున్న ఆ టేబుల్ మీది పుస్తకాలు ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంది. కొనడానికి వచ్చినామె జానతో టేబుల్‌ను కొలుచుకుంది.

వాళ్లు వెళ్లాక అడిగింది. “పరీక్ష రాసినంక పోతమా డాడీ?”

“ఒక దినం ముందుగాల పోవాలె బిడ్డా.”

చెల్లి కింద చాప మీద కూర్చుంది. “మిగిలినయి అడుగక్కా.”

“ఇప్పుడొద్దులే.”

“అడుగు.”

అడిగాను. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. ఆఖరి పేరాలో, ఆ ఆటగాడి చొక్కా మీది నంబర్‌ను ఆయన గౌరవం కోసం ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారని ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి చెల్లి పుస్తకం మూసింది. అట్ట మీద తన రోల్ నంబర్ రాసిన లేబుల్‌ను బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

“నా రోల్ నంబర్ ఇంకెవలకన్న ఇస్తరా?”

ఇవ్వరని చెప్పబోయాను.

“కొత్త పిల్ల వస్తే ఇస్తరు,” అన్నాను.

తల ఊపింది. “మరి ఆ పిల్లకు ఎవలన్న చెప్పాలె. నా బెంచిల కిటికీ దిక్కు కూసోమని. అవుతల దిక్కు ఏసీ నీళ్లు కారుతయి,” అంది.