తాతయ్య తుమ్మాడా, లేదా?

మొన్న రెండు ఆదివారాలు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, టీ గ్లాసులు కాస్త గట్టిగా పట్టుకోండి! ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తప్పు టీవీది కాదు, వీసీఆర్‌ది కాదు, కేసెట్టుదీ కాదు. అచ్చంగా నాదే.

మా అమ్మకి సినిమా పిచ్చి లేదు. ఒకే ఒక్క సినిమా పిచ్చి ఉంది. అందులో ఒక పెద్ద ఇల్లు, ఇంటినిండా జనం, వాళ్ళందరి మధ్యా ఒక తాతయ్య. ఆయనకో జబ్బు. ఇంట్లో ఎవరు అబద్ధమాడినా ఆయనకి తుమ్మొచ్చేస్తుంది! కొడుకు "ఆఫీసులో లేటయింది నాన్నా" అంటాడు, హాఛ్! కోడలు "ఈ చీర పాతదే అత్తయ్యా" అంటుంది, హాఛ్! ఇక ఆ ఇంట్లో పెళ్ళి సంబంధం కుదిరితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఎన్నేళ్ళైనా ఆ సినిమా పాతబడదండీ. ఎందుకు పాతబడుతుంది? "పులుసు ఎలా ఉంది?" "అమృతం!" ఇలాంటి మాటలు లేకుండా ఏ ఇంట్లో పూట గడుస్తుంది చెప్పండి? చూసినప్పుడల్లా ఎవరికి వాళ్ళకి వాళ్ళిల్లే కనబడుతుంది.

కానీ మా అమ్మ దాని ముగింపు ఎప్పుడూ చూడలేదు. మొదటిసారి నర్సీపట్నం హాల్లో ఆడినప్పుడు మేం రోలుగుంటలో ఉండేవాళ్ళం. ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని క్లైమాక్సులో లేచి పరుగెత్తుకొచ్చేశాం. తర్వాత నర్సీపట్నం కాపురం మార్చాం, టీవీ కొన్నాం, సినిమా టీవీలో వచ్చింది. సరిగ్గా క్లైమాక్సుకి కరెంటు పోయింది! మరోసారి సినిమా వచ్చింది, మరోసారి కరెంటు పోయింది. పెళ్ళి పీటల మీద పెళ్ళికొడుకు "నేను ఏ అబద్ధమూ చెప్పలేదు" అంటాడు. తాతయ్య ముక్కు అదురుతుంది, కళ్ళు మూతలు పడతాయి, నోరు తెరుచుకుంటుంది... అంతే, చీకటి.

"ఒరే రమణా, తుమ్మినాడంటావా, నేదంటావా?" అని అమ్మ నన్ను ఎన్నిసార్లు అడిగిందో!

ఈ మధ్య కేబుల్లో ఆ సినిమా మధ్యాహ్నం వేస్తారని తెలిసింది. అమ్మేమో చెల్లి సుజాతని చూడ్డానికి రావికమతం వెళ్ళింది. ఎలాగైనా అమ్మకి ముగింపు చూపించాలని షాపుకి సెలవు పెట్టేశాను. ఎప్పట్లాగే ఫ్రెండు దగ్గర వీసీఆర్ తెచ్చాను, నెల్లాళ్ళు ఉంచుకోమన్నాడు. తీరా చూస్తే ఖాళీ కేసెట్ లేదు! టైటిల్స్ పడిపోతున్నాయి. కంగారులో టీవీ కింద చెయ్యి పెడితే ఒక కేసెట్ తగిలింది. దానిమీద పేరూ లేదు, ఊరూ లేదు. ఖాళీదే అనుకుని తోసేసి రికార్డు నొక్కేశాను. ఆ రోజు కరెంటు పోలేదు, చూశారా! సినిమా మొత్తం ఎక్కింది. ముగింపు నేను కళ్ళారా చూశాను. చూసి పడీపడీ నవ్వాను.

మరుసటి ఆదివారం అమ్మని వెంటబెట్టుకుని చెల్లి, బావ, చెల్లి అత్తమామలు మా ఇంటికి భోజనానికొచ్చారు. అత్తగారు వాళ్ళ తోటలో జీడిపప్పు తెచ్చారు. భోజనాలయ్యాక చెల్లి అంది కదా:

"అన్నియ్యా, కిందటిసారి నా పెళ్ళి కేసెట్ సగంలో ఆపేసి ఇక్కడే వదిలేశాను. అది పెట్టు, అత్తయ్యగారు చూస్తారంట."

"ఎక్కడుందే?"

"టీవీ కింద. పేరు రాయలేదు గానీ అదే."

చచ్చాను, నేను సినిమా ఎక్కించింది దానిమీదే! నేను ఏదో అనేలోపే బావ కేసెట్ పెట్టేశాడు. మొదట్లో అంతా బాగానే నడిచింది. సన్నాయి, పందిరి, చెల్లి పెళ్ళిబుట్ట. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. పంతులుగారు "గట్టిమేళం, గట్టిమేళం!" అన్నారు. బావ తాళి పట్టుకుని వంగాడు. టీవీ మీద గీతలు పడ్డాయి. బావ మాయమైపోయాడు! ఆ స్థానంలో ఒక ముసలాయన, ఒళ్ళంతా నూనె రాసుకుని, "హాఛ్!"

చెల్లి ఒక్క కేక పెట్టింది.

"అన్నియ్యా! నా పెళ్ళేదిరా?"

బావ నన్ను చూస్తున్నాడు. మావయ్యగారు నన్ను చూస్తున్నారు. చెల్లి ఏడుపు లంకించుకుంది. వియ్యాలవారి ముందు ఇంత పరువు తీసిన వెధవని నేనే అయ్యుంటాను! ఇక కాళ్ళమీద పడిపోదామని వంగుతుంటే, అత్తగారు చెయ్యెత్తారు.

"ఉండమ్మా, ఏడుద్దువుగానీ. ఆ ముసిలాయన ఎందుకు తుమ్మినాడు?"

మా అమ్మ మొహం వెలిగిపోయింది! "అదేటంటే వదినగారూ..." అని మొదలెట్టింది. ఇక చూడండి! పావుగంటలో మావయ్యగారు నవ్వలేక డొక్కలు పట్టుకున్నారు. బావ "రివైండ్ చెయ్యి, రివైండ్ చెయ్యి" అంటున్నాడు. ముక్కు చీదుకుంటూ చెల్లి కూడా కిసుక్కుమంది. అమ్మయ్య, బతికిపోయాను అనుకున్నాను.

క్లైమాక్సు వచ్చింది. పెళ్ళి పీటలు. తాతయ్య ముక్కు అదిరింది. నోరు తెరుచుకుంది.

కరెంటు పోయింది!

"ఓలమ్మో!" అన్నారు అత్తగారు. సాయంత్రం దాకా కూర్చున్నాం, రాలేదు. బస్సు టైమయిపోయింది. గుమ్మం దిగుతూ ఆవిడ అన్నారు: "బాబూ, వచ్చే ఆదివారం మళ్ళీ వత్తాం. తుమ్మినాడో నేదో తెలకపోతే నాకు నిద్దర పట్టదు."

"నాకు మాత్రం నా పెళ్ళి కావాలి," అంది చెల్లి పళ్ళు నూరుతూ.

న్యాయమే కదా! సోమవారం పొద్దున్నే, కరెంటు ఇంకా రాకముందే, ఆ కేసెట్ పట్టుకుని పెళ్ళికి వీడియో తీసిన స్టూడియోకి పరుగెత్తాను. దేవుడు చల్లగా చూశాడు, స్టూడియో ఆయన దగ్గర మాస్టర్ కేసెట్ భద్రంగా ఉంది.

"కాపీ దేనిమీద ఎక్కించమంటారండి? కొత్త కేసెట్ ఇస్తారా?"

"కొత్తదెందుకండీ, పెళ్ళి కేసెట్ ఉందిగా! దీనిమీదే ఎక్కించేయండి!"

మీరిప్పుడు నన్ను చూస్తున్న చూపు నాకు అర్థమవుతోంది. కానీ ఆ క్షణంలో నాకు ఏమీ తట్టలేదండీ! నా తెలివికి నేనే మురిసిపోతూ ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆదివారం మళ్ళీ అందరూ దిగారు. ఈసారి మావయ్యగారు పడక్కుర్చీ ముందే పట్టేశారు. కేసెట్ పెట్టాను. గట్టిమేళం! తాళి! అక్షింతలు! చెల్లి ఆనందంగా నా భుజం తట్టింది. అత్తగారు ఓపిగ్గా కూర్చున్నారు. తలంబ్రాలయ్యాయి. ఆవిడ కాస్త కదిలారు. అరుంధతీ నక్షత్రం అయింది.

"బాబూ, సినిమా ఎప్పుడొత్తాది?"

అప్పుడు వెలిగింది నాకు! అమ్మ నా మొహం చూసింది. కన్నతల్లి కదా, కనిపెట్టేసింది.

"ఒరే, సినిమా మీద పెళ్ళి ఎక్కించేసినావేటిరా?"

పెళ్ళి చెరిపినప్పుడు ఇంత గొడవ జరగలేదండీ! మావయ్యగారు కుర్చీలోంచి లేచిపోయారు. "నా పెళ్ళి పోతే పోయింది, సినిమా ఉంచాల్సిందిరా" అంది చెల్లి! వారం క్రితం ఏడ్చింది ఇదే మనిషి! ఇంతలో బావకి ఒక ఆలోచన వచ్చింది.

"రికార్డు చేసినప్పుడు నువ్వు చూశావు కదా? చెప్పు మరి!"

"చెప్పడమేటి, చేసి సూపించు," అన్నారు అత్తగారు.

మీకైతే చెప్తాను. తాతయ్య తుమ్ముతాడు! పెళ్ళికొడుకు కళ్ళు తిరిగి పడిపోతాడు. అందరూ అతన్ని తిట్టబోతుంటే, మూలనున్న నాయనమ్మ సిగ్గుపడుతూ, "ఆ అబద్ధం నాదర్రా. పక్కావిడ అడిగితే, మీ తాతయ్యతో హాయిగా కాపురం చేశాను అన్నాను" అంటుంది. ఎంత బావుంటుందో!

ఇది నోటితో చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నాలో నటుడు నిద్రలేచాడు! టీవీ ఆపించాను. తువ్వాలు తలపాగా చుట్టాను. తుమ్ము సహజంగా ఉండాలని మావయ్యగారి పొడుం డబ్బీ అడిగి చిటికెడు తీసుకున్నాను. ఆయన "అది ఘాటు సరుకు బాబూ" అంటూనే ఉన్నారు. నేను ఒక్క పట్టు పీల్చేశాను.

హాఛ్! భలే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాయనమ్మ వేషానికి తువ్వాలు తల మీద ముసుగు వేసుకుని "ఆ అబద్ధం..." అన్నాను. హాఛ్! "ఆ అబద్ధం నా..." హాఛ్! హాఛ్! కళ్ళవెంట నీళ్ళు, ముక్కువెంట నీళ్ళు.

"అబద్ధం ఎవరిదిరా?" అమ్మ అరుస్తోంది.

"నా... నా... హాఛ్!"

"నీదా?" అంది చెల్లి.

కాదని చెయ్యూపాను. ఆ ఊపుకి టేబుల్ మీదున్న మజ్జిగ గ్లాసు వెళ్ళి బావ ఒళ్ళో పడింది. అత్తగారు నిట్టూర్చారు.

"ఒద్దులే బాబూ. ఆ పెళ్ళే పెట్టండమ్మా, అదే నయం."

నన్ను పెరట్లోకి తరిమేశారు. నేను నూతి దగ్గర ముక్కు కడుక్కుంటుంటే లోపల మళ్ళీ సన్నాయి మొదలైంది. ఎవరో నవ్వుతున్నారు, అప్పగింతల దగ్గర అమ్మ ఏడుస్తోంది. చివరి బిట్టు దాకా ఒక్కరు కూడా లేవలేదంట. అలా మా సుజాత పెళ్ళి ఎట్టకేలకు అందరూ పూర్తిగా చూశారు.

నేనూ చూద్దామని తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని మెల్లగా తలుపు తోశాను. అందరూ ఒక్క గొంతుతో అరిచారు:

"నువ్వు బయటే ఉండు!"