ఈశాన్యం వైపు ఈదిన కాడ జెల్లీ

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను టెక్కలిలోని ఒక తీర సర్వే కార్యాలయానికి సీనియర్ పరిశీలకుడిగా వేశారు. దాని పూర్తి పేరు చెప్పను. చెబితే సంజాయిషీ అడుగుతారు, ఇప్పుడు నాకా ఓపిక లేదు. సముద్రంలో కనబడిన ప్రతి జీవినీ ఫోన్ యాప్‌లో నమోదు చేయడం మా పని. సముద్రాన్ని చూడాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు.

చేరిన వారానికే ఉద్దానం తీరంలోని ఒక ఊరి నుంచి మా సిబ్బంది ఫొటో పంపారు. రాతి మీది నాచులో గోరంత జెల్లీ చేప. జెల్లీ అని గుర్తుపట్టడం వరకు నా చదువు పనిచేసింది. ఫొటోను పెద్దది చేసి చూడడానికి బద్ధకించాను. జెల్లీ అయితే యాప్‌లో తప్పనిసరిగా నింపాల్సిన గడి ఒకటుంది: ‘ఈత దిశ’. అది నింపనిదే నివేదిక వెళ్లదు. మా డిప్యూటీ గారిని అడిగితే, "ఏదో ఒకటి పెట్టీండి మాస్టారూ" అన్నారు. నేను ఎంతో శాస్త్రీయంగా ఆలోచించి ఈశాన్యం పెట్టాను. ఇంటికైనా జెల్లీకైనా మంచి దిక్కే కదా.

మన తీరం సాగేది కూడా ఈశాన్యానికే. నా జెల్లీ ఒడ్డు వెంబడే ఈదుకుంటూ పోతోందని యాప్ తేల్చింది. ఆ ఊళ్లోనూ, దాని పై ఊళ్లోనూ ఎవరూ నీళ్లలో దిగరాదని నిషేధం వచ్చేసింది.

మూడో రోజు అప్పలమ్మ కార్యాలయానికి వచ్చింది. ఆ రాళ్ల మీద ఆలిచిప్పలు కొట్టుకుని బతికే మనిషి. ఆ రాళ్లు అమావాస్యకీ, పున్నమికీ నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడే బయటపడతాయి. అమావాస్యకి ఇంకా ఐదు రోజులుంది.

"ఏటి బాబూ, ఆ కాడపువ్వుకి బయపడి మమ్మల్ని దిగొద్దన్నారట? అమాస దాటిపోతే పున్నమి దాకా నానేటి తినాల?"

ఆమె కాడపువ్వు అంటున్నది జెల్లీ అని, ఈదుకుంటూ వస్తోందని, కుడుతుందని ఓపికగా వివరించాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"ఈదడమేటి? నా పెళ్లినాటి నుంచీ సూత్తన్నాను, ఆ నాసుకే అతుక్కునుంటాది. తమరొచ్చి సూడండి."

జంతుశాస్త్రం చదివినవాణ్ణి కదా, రోషం వచ్చింది. ఆమెను జీపెక్కించుకుని మరీ వెళ్లాను.

మోకాలి లోతు నీళ్లలో నాచు కొమ్మను తిప్పి చూపించింది. నాచు రంగులోనే ఒక చిన్న గరాటా. అంచున ఎనిమిది చేతులు, ఒక్కో చేతి కొసన గుండుసూది తలల్లాంటి గుత్తి. అడుగున కాడ, కాడ చివర నాచును పట్టుకున్న పట్టు. మామూలు జెల్లీ చిన్నప్పుడు రాతికి అంటుకుని ఉండి, పెద్దయ్యాక విడిపోయి ఈదుతుంది. ఇది విడిపోదు. పిల్లదశలో కూడా పురుగులా పాకుతుందే తప్ప ఈదదు. కాడ జెల్లీలు చల్లని సముద్రాల్లో ఎక్కువ. మన తీరంలో ఉంటాయని నేనెక్కడా చదవలేదు, ఇది ఏ జాతో ఇప్పటికీ చెప్పలేను. అప్పలమ్మ దాన్ని వేలితో తాకింది. ఏమీ కాలేదు. నాకు సిగ్గేసింది.

తిరిగొచ్చి తప్పు దిద్దబోతే, యాప్‌లో ఎనిమిది దిక్కులూ ఉన్నాయి, ‘కదలదు’ అన్నది లేదు. కాగితం మీద రాశాను: ‘ఈ జీవి ఈదదు. ఈశాన్యం అన్నది నేను చూడకుండా రాసినది. నిషేధం ఎత్తివేయగలరు.’ డిప్యూటీ గారు చదివి, తప్పు యాప్‌దని రాయమన్నారు. సగం నిజమే. మిగతా సగం కింద సంతకం నాది కాబట్టి మార్చకుండా పంపాను.

అమావాస్య ముందురోజు నిషేధం ఎత్తేశారు. ఆ వెంటనే నాకు మెమో వచ్చింది, నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇమ్మని. చివర్లో ఇంకో వాక్యం: ‘సదరు జీవి ప్రస్తుత ఈత దిశను తక్షణమే తెలియజేయవలెను.’

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కళ్లారా చూడని దిశను నేను రాయలేదు. ఆ గడి ఖాళీగా ఉంచి కాగితాలే పంపాను. తిరిగొస్తే మళ్లీ అలాగే పంపాను. గడి ఖాళీగా ఉంటే పై అధికారికి విసుగొస్తుంది. ఊహించి నింపితే అప్పలమ్మకు అమావాస్య పోతుంది.