ట్యూబులు తీసి ఆవకాయ సర్దాడు

వీసా క్యాన్సిల్ అయిపోయింది. ఊరికి వెళ్ళే విమానానికి ఇంకా వారమే ఉంది. పద్దెనిమిదేళ్ళు కంపెనీ బస్సు అద్దంలోంచి చూసిన ఎడారిని పోయేలోగా ఒక్కసారైనా సొంత కాళ్ళతో దాటాలని నా పంతం. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మా ఇంటి నుంచి ఎడారి అవతలి లివా ఒయాసిస్సు దాకా, మూడు రోజులు, సైకిలు మీద. మధ్యలో ఏ బండీ ఎక్కకూడదు. తోడు మా బావమరిది. సామాన్లు సర్దే పని వాడికి అప్పగించడం నా బుద్ధితక్కువ.

మూడో రోజు, లివా ఇంకా ముప్పై కిలోమీటర్లుందనగా, నీడ కోసం రోడ్డు దిగి ఓ తుమ్మచెట్టు కిందకి పోయాం. కిందంతా ముళ్ళు! రెండు సైకిళ్ళకీ నాలుగు చక్రాలూ సుయ్యిమన్నాయి.

"కొత్త ట్యూబులు తియ్యరా," అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "అయ్యి ఇంట్లోనే పెట్టేసినా బావా. సంచిలో చోటు చాల్లేదు."

"ఎందుకు చాల్లేదు?"

"ఆవకాయ సీసా పెట్టినా గదా. మూడు రోజులు ఒట్టి ఖుబ్బూస్ రొట్టెలు ఎట్టా తినేది?"

ఒళ్ళు మండిపోయింది. పోనీ ప్యాచులైనా ఉన్నాయి కదా అని సంచి తెరిస్తే, సీసా మూత వదులై నూనె కారి, ప్యాచులన్నీ ఎర్రగా నానిపోయి ఉన్నాయి. తుడిచాను, చొక్కాకేసి రుద్దాను, అతికించాను. గాలి కొట్టగానే ఊడొచ్చేవి. ఆరోసారి పంపు విసిరికొట్టి వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు వెళ్ళి పంపు తెచ్చి ఇసుక దులిపాడు. అది చూసి ఇంకా కోపమొచ్చింది.

సైకిళ్ళు తోసుకుంటూ బయల్దేరాం. రెండు గంటలు నడిచాక నీళ్ళు కూడా అయిపోయాయి. అప్పుడు ఒక పఠాన్ డ్రైవర్ పికప్ ఆపి, "బైఠో భాయ్," అన్నాడు. వద్దన్నాను. ఆయన మా బావమరిది కాలు చూపించాడు. మడమ ఒరిసిపోయి మేజోడు నెత్తురుతో తడిసింది.

"చెప్పొద్దట్రా వెధవా!"

"నువ్వు ఎక్కకపోతే నేనూ ఎక్కను బావా. పద, నడుద్దాం."

నేనే ముందు ఎక్కాను. "ఖలాస్ భాయ్," అంటూ డ్రైవర్ సైకిళ్ళు వెనక పడేసి, ఏసీ వేసి, అద్దాలు ఎత్తేశాడు. బావమరిది ఆయన రొట్టెలో మిగిలిన ఆవకాయ వేసిచ్చాడు. ఆయన అందులో సగం తుంచి నాకిచ్చాడు. దిక్కుమాలిన ఆవకాయ, బ్రహ్మాండంగా ఉంది.

అద్దం అవతల ఇసుకదిబ్బలు ఎప్పట్లాగే వెనక్కి పోతున్నాయి. నేను చూడలేక తల తిప్పేసుకున్నాను.